పిప్పి కుప్ప, చిక్కుడు గింజ

పెయ్‌రగ్రోస్, మినెర్వోవా
12 అక్టోబరు 2015

శ్రీ ఎమెరిక్ బెసోద్ గారికి,

1971 మార్చిలో మా ద్రాక్ష గానుగ గట్టు మీద కూర్చుని, ఒకే సీసాలోంచి వంతులవారీగా తాగుతూ మీరు నాకొక మాట ఇచ్చారు. "సమావేశంలో నీ చెయ్యి లేచిన మరుక్షణం నా చెయ్యి లేస్తుంది" అన్నారు. నా చెయ్యి లేచింది. మీ చెయ్యి కోటు జేబులోంచి బయటికి రాలేదు.

మరిచిపోయి ఉంటారు. మరిచిపోవడం మాట తప్పినవాళ్లకి దొరికే సుఖం. అందుకని గుర్తు చేస్తాను. ద్రాక్ష పిండాక మిగిలిన పిప్పంతా సారా బట్టీకి తోలాలన్నది చట్టం. సరే, తోలాం. సారా తీశాక మిగిలిన పిప్పినైనా మా కొండకి తిరిగివ్వండి, మా ట్రాక్టర్లతో మేమే మోసుకుపోతాం అని, బట్టీవాడితో మన రైతు సంఘం చేసుకునే ఒప్పందంలో ఒక్క వాక్యం చేర్చమన్నాను. ఇరవై ఒక్క చేతులు నా వైపు, ఇరవై ఒక్క చేతులు అటువైపు. అధ్యక్షుడు తన అదనపు ఓటు బట్టీవాడికి వేశాడు. ఆ తర్వాత నలభై ఏళ్లపాటు బట్టీవాడు మన పిప్పిని ఎరువుల వాడికి అమ్మాడు, వాడు దాన్ని సంచుల్లో నింపి మనకే అమ్మాడు. మన కొండను మనమే సంచుల్లో కొనుక్కున్నాం. మీరు మాత్రం మరుసటి ఏడే ఉత్తరాన నాన్సీ నగరానికి వెళ్లి, మట్టిని గాజు గొట్టాల్లో పోసి చూసే ఉద్యోగంలో చేరారు.

ఇప్పుడు చట్టం సడలింది. పిప్పిని కంపోస్టు చేసుకోవచ్చునట. సంఘం పత్రికలో దాని మీద ఒక వ్యాసం వచ్చింది. రాసినవారు ఎ. బెసోద్, విశ్రాంత మృత్తికా శాస్త్రవేత్త. "పిప్పిని నేలకు తిరిగివ్వడం రైతు ధర్మం" అని మొదటి వాక్యం. ఆ వాక్యం నాది. నలభై నాలుగేళ్ల కిందట, ఆ హాల్లో, నిలబడి చెప్పాను.

మీకు రాయకూడదనే అనుకున్నాను. అవసరం రాయిస్తోంది. మా తాత 1926లో ద్రాక్ష నాటిన కుంబెల్ పొలం చెక్క గుర్తుందిగా. ఇప్పుడు పొలం మా అమ్మాయి మగలోన్ పేరు మీద ఉంది. మొన్న పార తెచ్చి నా ముందు నేలలో గుచ్చింది. టంగుమంది.

"విన్నావా నాన్నా? ఇది నేల కాదు, ఇటుక. పురుగు లేదు, వేరు లేదు. యాభై ఏళ్లు మైలుతుత్తం కొట్టావు, ముప్ఫై ఏళ్లు కలుపు మందు కొట్టావు. దీన్ని చంపింది నువ్వే."

"అందరూ కొట్టారు."

"అందరూ తీగలు పీకేస్తున్నారు, పీకినందుకు సర్కారు డబ్బిస్తోంది. నేనూ పీకిస్తాను. జూన్ నెలాఖరుకి దరఖాస్తు వెయ్యాలి. ఆలోగా ఈ చెక్కలో ప్రాణం ఉందని చూపించు, కాగితం చించేస్తా."

నా దగ్గర సంఘం నుంచి తెచ్చిన ఎనిమిది ట్రైలర్ల పిప్పి ఉంది. మూడు వారాల కిందట కుప్ప వేశాను. వేడెక్కలేదు. పులిసిన కంపు కొడుతోంది. ఎందుకు? జవాబు క్లుప్తంగా రాయండి. కుశల ప్రశ్నలు అక్కర్లేదు.

ఫుల్‌క్రాన్ విదలాంక్


నాన్సీ
19 అక్టోబరు 2015

ఫుల్‌క్రాన్‌కి,

నువ్వు నన్ను "మీరు" అనగానే, నా వెనక ఎవరైనా పెద్దమనిషి నిలబడ్డాడేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. కాబట్టి నాకే అనుకుని చదివాను.

చూడకుండానే చెబుతాను, తప్పయితే తిట్టు. పిప్పిని ట్రాక్టరుతో ఎక్కి తొక్కించావు. పైన ప్లాస్టిక్ పట్టా కప్పావు. అంచుల చుట్టూ బంకమట్టి అలికావు. అవునా?

బట్టీ బండి వచ్చేదాకా సారా ఆవిరైపోకుండా మన తాతలు పిప్పిని అలాగే దాచేవాళ్లు. నీ చేతులకి ఇంకా అదే పని గుర్తుంది. నువ్వు కంపోస్టు వెయ్యలేదు నాయనా, ఊరగాయ పెట్టావు. గాలి తగలందే ఏ పిప్పీ కుళ్లదు, పులుస్తుందంతే.

పట్టా తీసెయ్. మొత్తం తిరగెయ్. గుత్తుల కాడలు, కత్తిరించిన తీగల ముక్కలు సగానికి సగం కలుపు, లోపల గాలి ఆడాలి. పులుపు విరగడానికి పొయ్యి బూడిద చల్లు. గుప్పిట్లో పట్టి పిండితే ఒక్క చుక్క రావాలి, రెండోది రాకూడదు. ఇంకా వేడెక్కకపోతే ఆవు పేడో గుర్రపు లద్దో కావాలి. కానీ అది తెచ్చేముందు నాకు రాయి.

మార్చి నెల సంగతి ఇప్పుడు రాయను. మరిచిపోయి కాదు.

ఎమెరిక్


పెయ్‌రగ్రోస్
8 నవంబరు 2015

బెసోద్‌కి,

పట్టా, బంకమట్టి, ట్రాక్టరు. మూడూ నిజమే. మగలోన్ నీకు ఫోన్ చేసి చెప్పిందేమోనని అడిగాను. లేదంది. నాతో మాట్లాడటమే దండగ, ఇంకా నాన్సీకి ఫోన్ కూడానా అంది.

తిరగేశాను. నాలుగు రోజులు పట్టింది. డెబ్భై ఆరేళ్ల భుజంతో ఎనిమిది ట్రైలర్ల పిప్పి. తెరవగానే సన్న ఈగలు మేఘంలా లేచి, త్రమోంతాన్ గాలికి ఊళ్లోకి పోయాయి. మేయర్ కస్తానియె మనిషిని పంపాడు. ఆ వచ్చినవాడు ముక్కు మూసుకుని కాగితం చదివాడు. చదవడం అయ్యాక, ఇదే చౌరస్తాలో ముప్ఫై ఏళ్లు బట్టీ పొగ పీల్చినప్పుడు మీ నాన్నకి ముక్కు లేదా అని అడిగాను. ఉండేదిగానీ అప్పుడు జీతం కూడా అక్కడినుంచే వచ్చేది అన్నాడు. నిజాయితీపరుడు. ఒక గ్లాసు వైన్ ఇచ్చి పంపాను.

ఇనప గుండ్లతో బూల్ ఆడేచోట ఈ మధ్య నేనే వినోదం.

"ఫుల్‌క్రాన్, ఏంటా గుట్ట? సమాధా?"

"అంత పెద్దదా? వీడి పుస్తకాలు కూడా లోపల పెట్టాలేమో!"

"పుస్తకాలు కాదురా, వీడు తిట్టినవాళ్ల జాబితా. దానికే చాలదు ఆ గుట్ట."

మన ఊళ్లో తెలివికి ఎన్నడూ కరువు లేదు, అది పనికొచ్చే చోట తప్ప.

రోమన్లు రెండువేల ఏళ్ల కిందటే పిప్పిని తీగల మొదళ్లలో వేశారు. ఆ పొత్తాలు నేను చదివాను. వీళ్లు చదవలేదు. చదివిన నేను ఊరగాయ పెట్టాను. నువ్వు నవ్వుకుని ఉంటావు.

ఇప్పుడు వేడి ముప్ఫై ఒక్క డిగ్రీల దగ్గర ఆగింది. సన్నసెగ మీద పెట్టి మరిచిపోయిన మాంసం కూర గిన్నెలా ఉంది. లద్దె కోసం రాయమన్నావుగా. కొండ కింద హాలండ్ నుంచి వచ్చిన మారికె అనే ఆవిడ పన్నెండు గుర్రాలు పెట్టి స్వారీ నేర్పుతోంది. లద్దె ఊరికే తీసుకుపొమ్మంటోంది. తెచ్చేస్తాను.

విదలాంక్


నాన్సీ
15 నవంబరు 2015

ఫుల్‌క్రాన్‌కి,

ఆగు. లద్దె మంచిదే. నువ్వు భయపడాల్సింది దానికి కాదు, అది పుట్టిన గడ్డికి.

ఉత్తరాన కొందరు ఎండుగడ్డి పొలాల్లో ముళ్ల మొక్కలు రాకుండా ఒక మందు కొడుతున్నారు. గడ్డికి ఏమీ కాదు. గుర్రానికి ఏమీ కాదు. ఆ మందు గుర్రం కడుపులోంచి అలాగే బయటికొస్తుంది, కుప్ప వేడిలోనూ చావదు. వెడల్పాటి ఆకుల మొక్కలకి మాత్రం విషం. చిక్కుడు, టమాటా, ద్రాక్ష. అందులో ద్రాక్ష మహా సుకుమారి.

కాబట్టి మూడు పనులు చెయ్యి. గడ్డి ఎక్కడిదో అడుగు. కుప్ప మాగాక ఆ ఎరువు రెండు కుండీల్లో పోసి చిక్కుడు గింజలు నాటు. మూడు వారాలు ఆగు. ఆకులు తిన్నగా వస్తే సరే, ముడుచుకుంటే ఎరువు మొత్తం పారెయ్. తిన్నగా వచ్చినా సరే, మొదటి ఏడు రెండు వరుసలకి మించి చల్లకు.

పిల్లల ఆటలా ఉందని నీకు అనిపిస్తుంది. ప్రయోగశాలలో లక్షలు పోసి కొన్న యంత్రాల కంటే ఆ చిక్కుడు గింజ ఎక్కువసార్లు నిజం చెప్పింది.

ఎమెరిక్


పెయ్‌రగ్రోస్
20 ఫిబ్రవరి 2016

ఎమెరిక్‌కి,

అరవై మూడు డిగ్రీలు!

డిసెంబరు పదిన ఎక్కింది. తెల్లారి మంచు పడితే ఊరంతా తెల్లగా ఉంది, నా కుప్ప మాత్రం నల్లగా, ఆవిర్లు కక్కుతూ. మగలోన్ చెయ్యి పెట్టి అమ్మో అని వెనక్కి తీసుకుంది. దాన్ని చూసి నవ్వాను. మా ఇద్దరం కలిసి నవ్వి ఎన్నాళ్లయిందో. జనవరిలో మళ్లీ తిరగేశాను, మళ్లీ ఎక్కింది. ఇప్పుడు చల్లారి, పొడిపొడిగా, వాన పడ్డాక అడవి వాసనలా ఉంది. గింజలు ఇంకా గింజల్లానే ఉన్నాయి, తక్కినదంతా మట్టి అయింది. కస్తానియె వచ్చి వాసన చూసి "ఇది అదేనా?" అన్నాడు. "అదే. నువ్వు మాత్రం మారలేదు" అన్నాను.

లద్దె అంతటికీ సరిపోలేదు. అందుకని కుప్పను రెండు చేశాను. పెద్దది లద్దె కలిపింది. వెనకాల చిన్నది ఉత్త పిప్పి, కాడలు, బూడిద. అది నలభై ఎనిమిది దాటలేదు, అలిగిన చుట్టంలా ఒక మూల కూర్చుంది.

మారికెని గడ్డి గురించి అడిగాను. నువ్వు చెప్పావు కాబట్టే అడిగాను.

"ఎక్కడిదమ్మా ఈ గడ్డి?"

"ఉత్తరం నుంచి లారీలో వస్తుంది. నాకు ఆ వ్యాపారి ఒక్కడే తెలుసు. ఎందుకండీ?"

"మంచిదేనా?"

"మంచిదా? చూడండి ఎంత శుభ్రంగా ఉందో! ఒక్క ముల్లు మొక్క ఉంటే చూపించండి."

వెతికాను. ఒక్కటి కూడా లేదు. నీ అనుమానం తీరిందనుకుంటాను.

చిక్కుడు సంగతి అయింది.

మార్చి మొదటి వారంలో చల్లుతున్నాను, చిగుళ్లు రాకముందే. నలభై అయిదేళ్ల తర్వాత కుంబెల్ పిప్పి కుంబెల్‌కి చేరుతుంది. నీ చెయ్యి లేకుండానే, చూశావా?

ఫుల్‌క్రాన్


నాన్సీ
25 ఫిబ్రవరి 2016

ఫుల్‌క్రాన్,

ఒక్క ముల్లు మొక్క కూడా లేని గడ్డి అన్నావు. నాకు భయం వేసింది అక్కడే. దేవుడు చేసిన గడ్డిలో ముళ్లుంటాయి.

"అయింది" అంటే ఏమిటి? గింజ మొలిచిందా? ఎన్ని ఆకులు వచ్చాయి? మూడో ఆకు ఎలా ఉంది?

దీనికి జవాబు రాసేదాకా చల్లకు. చల్లే తీరాలంటే చిన్న కుప్ప చల్లు, పెద్దది ఆపు.

ఎమెరిక్


పెయ్‌రగ్రోస్
24 మే 2016

శ్రీ బెసోద్ గారికి,

రెండోసారి ముంచారు. అభినందనలు.

మార్చి మూడు నుంచి పన్నెండు దాకా కుంబెల్ దాదాపు మొత్తం చల్లాను, ఇరవై తొమ్మిది వరుసలు. తోపుడుబండితో, ఒక్కణ్నే. చివరి మూడు వరుసల దగ్గర భుజం పట్టేసింది, అవి వదిలేశాను. ఏప్రిల్ వానలకి నేల మెత్తబడింది. పార గుచ్చితే టంగుమనలేదు, దిగింది. ఒక పెళ్లలో ఏడు వానపాములు. ఏడు! దోసిట్లో పట్టుకుని ఇంటికి పరిగెత్తాను, ఈ వయసులో. మగలోన్ కాఫీ తాగుతోంది. వాటిని బల్ల మీద పెట్టాను.

"ఛీ నాన్నా, రొట్టె పక్కన!"

"లెక్కపెట్టు."

లెక్కపెట్టింది. అలమర తీసి ఆ దరఖాస్తు కాగితం తెచ్చి, మడిచి, ఊగుతున్న కుర్చీ కోడు కింద పెట్టింది. మా ఇంట్లో అంతకన్నా పెద్ద సన్మానం ఎవరికీ జరగలేదు.

ఇది ఏప్రిల్ మాట. మేలో ఆకులు విచ్చుకున్నాయి. విచ్చుకోవడం కాదు. అంచులు లోపలికి ముడుచుకుని, ఈనెలన్నీ ఒక్కచోటికి లాక్కుని, మూసిన విసనకర్రల్లా. కొనలు పాము పడగల్లా మెలితిరిగాయి. మొదట ఒక వరుస. వారం తిరిగేసరికి ఇరవై తొమ్మిదీ. తొంభై ఏళ్ల తీగలు. బూజు తట్టుకున్నాయి, 1956 నాటి మంచు తట్టుకున్నాయి, యుద్ధంలో జర్మన్ల గుర్రాలు మేసినా మళ్లీ చిగిర్చాయి. మీ సలహా తట్టుకోలేకపోయాయి.

లద్దె అన్నది మొదట మీరు. మొదటి ఉత్తరంలో, మీ చేతి రాతతో, ఇదిగో నా ముందే ఉంది. మగలోన్ పొలంలోకి వచ్చి ఒక ఆకు కోసి, చాలాసేపు చూసి, జేబులో పెట్టుకుని వెళ్లిపోయింది. కుర్చీ మళ్లీ ఊగుతోంది.

ఈసారీ మీ చెయ్యి జేబులోనే ఉండుంటే బాగుండేది.

విదలాంక్


నాన్సీ
31 మే 2016

ఫుల్‌క్రాన్,

మగలోన్ ఆ ఆకు నాకు పోస్టులో పంపింది. అనుమానం లేదు, గడ్డి మందే. ఆవిడకి జవాబు రాశాను: తీగలు చావవు. ఈ ఏడు పంట పోతుంది, వచ్చే ఏడు సగం వస్తుంది. నువ్వు బల్ల మీద పెట్టిన ఆ వానపాములూ వాటి చుట్టాలూ రెండు మూడేళ్లలో ఆ విషాన్ని తినేస్తాయి. బతికిన నేలే దాన్ని అరిగించుకోగలదు. పీకొద్దని బతిమాలాను. బతిమాలడం నాకు అలవాటు లేదని నీకు తెలుసు.

ఇప్పుడు నీకు. ఫిబ్రవరిలో నిన్నొక ప్రశ్న అడిగాను. మూడో ఆకు ఎలా ఉంది? జవాబు రాలేదు. నాటలేదు కదూ?

రెండోది. మార్చి నెల సంగతి రాస్తాను, ఇక దాచి లాభం లేదు.

ఆ రోజు నా చెయ్యి జేబులో లేదు. బల్ల మీద ఉంది. లేపడానికి సిద్ధంగా ఉంది. పది నిమిషాలు మాట్లాడి చెయ్యి లేపమని నీకు చెప్పాను. నువ్వు యాభై నిమిషాలు మాట్లాడావు. రోమన్ల దగ్గర మొదలెట్టావు. సాల్వాన్ కుటుంబాన్ని గొర్రెలన్నావు. మేరీ తెరేజ్ మొగుణ్ని బట్టీవాడి చెప్పులు నాకేవాడన్నావు. తర్వాత చెయ్యి చాపి నన్ను చూపించి, అందరి ముందూ ఇలా అన్నావు: "ఎమెరిక్‌ని చూడండి. నేను అప్పివ్వకపోతే వీడికి సొంత ఆలోచన ఒక్కటి కూడా ఉండదు. అలాంటివాడికి కూడా ఇది అర్థమైంది, మీకు కాదా?"

హాలంతా నవ్వింది. నా పక్కన మా నాన్న కూర్చున్నాడు. ఆయన నవ్వలేదు. తల దించుకున్నాడు.

నువ్వు చెయ్యి లేపావు. నా చెయ్యి బరువెక్కింది.

తప్పు చేశాను. కొండకి చేసిన తప్పు. ఆ తర్వాత నలభై ఏళ్లు పిప్పి మీదే పని చేశాను. ఎందుకో నువ్వు ఎప్పుడూ అడగలేదు.

ఎమెరిక్


పెయ్‌రగ్రోస్
3 జులై 2016

ఎమెరిక్‌కి,

మగలోన్ సంతకం పెట్టింది. జూన్ ముప్ఫైన, పోస్టాఫీసు మూసే పది నిమిషాల ముందు.

నీ ఉత్తరం తనకి చూపించాను. చదివింది. "నీ స్నేహితుడు మంచివాడు నాన్నా. రెండు మూడేళ్లంటున్నాడు. అన్నేళ్లు సరైన పంట లేకుండా నేనెలా లాగను? దరఖాస్తు మళ్లీ రాదు. ఏడు పాములకి కాగితం మడిచాను చూడు, అంతకంటే ఏం చెయ్యగలను?" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. మెల్లగా అంది.

నాటలేదు.

ఎందుకు నాటలేదో రాస్తాను, నవ్వితే నవ్వు. రెండో తరగతిలో పంతులమ్మ అందరికీ గ్లాసులో దూది, చిక్కుడు గింజ ఇచ్చింది. అందరివీ మొలిచాయి. నాది కుళ్లింది. నీది కిటికీ దాకా పాకింది. పంతులమ్మ నీ గ్లాసు నా బల్ల మీద పెట్టి, "చూసి నేర్చుకో విదలాంక్" అంది. నీ ఉత్తరంలో చిక్కుడు గింజ అని చదవగానే, నువ్వు కావాలనే రాశావనుకున్నాను. డెబ్భై ఆరేళ్లవాణ్ని మళ్లీ ఆ బల్ల ముందు కూర్చోబెడుతున్నావనుకున్నాను. ఫిబ్రవరి ఉత్తరం కూడా అందింది, చల్లడం మొదలుపెట్టడానికి నాలుగు రోజుల ముందే. మడిచి జేబులో పెట్టుకుని బండి తోశాను.

మారికె వచ్చి ఏడ్చింది. ఆమె తప్పేముంది, శుభ్రమైన గడ్డి కొనుక్కుంది. ఆమెను తిట్టలేదు. నాకు తిట్టడానికి ఎవరూ మిగలడం లేదు, అదే కష్టంగా ఉంది.

కానీ ఆ హాల్లో నేను ఆ మాట అనలేదు. గొర్రెలన్నాను, ఒప్పుకుంటాను. చెప్పుల మాట అని ఉండొచ్చు. నీ గురించి అలా అనలేదు. నాకు గుర్తుండేది.

ఫుల్‌క్రాన్


నాన్సీ
9 జులై 2016

మరిచిపోవడం ఎవరికి దొరికే సుఖమో నువ్వే రాశావు. దెల్ఫిన్ సాల్వాన్ బతికే ఉంది. వెళ్లి అడుగు.

ఎ.


పెయ్‌రగ్రోస్
20 నవంబరు 2016

ఒరేయ్ ఎమెరిక్,

నాలుగు నెలలు ఎందుకు రాయలేదని అడగకు. వెళ్లడానికే మూడు నెలలు పట్టింది.

దెల్ఫిన్‌కి తొంభై ఒకటి. వృద్ధాశ్రమంలో కిటికీ పక్కన కూర్చుని బఠాణీలు వలుస్తోంది. అప్పట్లో సంఘం కార్యదర్శి కదా, సమావేశాలన్నీ తన చేత్తోనే రాసేది. నన్ను చూడగానే, "విదలాంక్! ఇంకా చావలేదా?" అంది.

"లేదు దెల్ఫిన్ గారూ. ఒక మాట అడగడానికి వచ్చాను. 71 సమావేశంలో ఎమెరిక్ గురించి నేనేమైనా అన్నానా?"

"అప్పిచ్చిన ఆలోచన సంగతా?"

పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అన్నావు నాయనా, అన్నావు. ఇంకో మాట కూడా అన్నావు, అది నేను పుస్తకంలో రాయలేదు. వాళ్ల నాన్న మొహం చూసి. 'విదలాంక్ గారు యాభై నిమిషాలు ప్రసంగించారు' అని రాశానంతే."

"ఆ ఇంకో మాట ఏంటి?"

"నీకు గుర్తు లేనప్పుడు నేనెందుకు గుర్తుపెట్టుకోవాలి? బఠాణీలు వలుస్తావా, పోతావా?"

వలిచాను. గిన్నె నిండేదాకా.

దారిలో ఆలోచించాను. నేను చదివినవాణ్ని అనుకున్నాను. చదివినవాడు నలుగురికి చెప్పి ఒప్పించాలి. నేను నలుగురినీ చితక్కొట్టి, చెయ్యి లేపలేదేమని అడిగాను. పిప్పిని కూడా అలాగే తొక్కాను, గాలి ఆడకుండా.

పీకుడు యంత్రం సోమవారం వచ్చింది, మంగళవారం సాయంత్రానికి వెళ్లిపోయింది. తొంభై ఏళ్ల మొదళ్లు కుప్పగా పడి ఉన్నాయి, చలికాలం పొయ్యికి. కుంబెల్ ఇప్పుడు ఎర్రటి పచ్చిపుండులా ఉంది. అయినా ఆ మట్టిని తిప్పినప్పుడు అందులో వానపాములు పెళ్లకొకటి కనిపించాయి. యంత్రం నడిపేవాడు ఆపి, "తాతా, నీ నేల బాగానే ఉందే, ఎందుకు పీకిస్తున్నారు?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. వాడికి నా మొహం చూసి భయమేసింది.

మగలోన్ చివరి మూడు వరుసలు వదిలేయించింది. నా భుజం పట్టేసి నేను ఎరువు వెయ్యని ఆ మూడు. వాటి ఆకులు బాగానే ఉన్నాయి. నాకు చెప్పలేదు, యంత్రం వాడికే చెప్పింది: "అక్కడితో ఆపు. అవి మా నాన్నవి." నా జీవితంలో చేసిన ఒకే ఒక్క మంచి పని నా భుజం చేసింది.

అలిగిన చిన్న కుప్ప గుర్తుందిగా, లద్దె లేనిది. ఏడాది గడిచేసరికి అదీ మాగింది, తన తీరులో, ఎవరినీ అడగకుండా. సెప్టెంబరులో దానితో రెండు కుండీలు నింపి చిక్కుడు గింజలు నాటాను. కిటికీలో పెట్టాను. రోజూ పొద్దున్నే లేచి చూశాను. నేను నీళ్లు మరిచిన రోజు మగలోనే పోసింది. మూడో ఆకు తిన్నగా వచ్చింది. నాలుగోదీ తిన్నగానే. డెబ్భై ఏడేళ్లకి నా చిక్కుడు మొలిచింది.

నిన్న ఆ ఎరువు మూడు వరుసలకీ చల్లాను. మొదళ్ల దగ్గర ఒక్కో గంపెడు. గంప నింపినప్పుడల్లా, ఈ పని 71లో మొదలై ఉంటే అనుకున్నాను. ఆ లెక్క వెయ్యడం మానలేకపోతున్నాను.

ఆ మూడు వరుసలకి వచ్చే సెప్టెంబరులో కోత ఉంటుంది. ఇద్దరు ముసలివాళ్లకి ఒక పూట పని. కత్తెరలు రెండున్నాయి.

ఫుల్‌క్రాన్

తా.క. ఆ చెయ్యిని క్షమించాను. నేనే బరువెక్కించిన చెయ్యి అది, దాన్ని అడగడానికి నాకు మొహం లేదు. కానీ నలభై అయిదేళ్లు! "నువ్వు మా నాన్న ముందు నన్ను అవమానించావు" అని ఒక్క కార్డు ముక్క రాయడానికి నీకు నలభై అయిదేళ్లు పట్టింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ని, ఏడాదికల్లా మళ్లీ ఒకే సీసాలోంచి తాగేవాళ్లం, కుంబెల్‌లో ఈపాటికి ముప్ఫై రెండు వరుసలు ఉండేవి. నా మూర్ఖత్వం ఊరందరికీ తెలుసు. ఆ మౌనం మాత్రం ఒక్కడిదే. గడ్డి వ్యాపారిని వదిలేశాను, బట్టీవాణ్ని వదిలేశాను, మా అమ్మాయిని ఎన్నడూ అనలేదు. ఇప్పటికీ వదలనిది ఒక్కణ్నే, ఎమెరిక్ బెసోద్‌ని.